ఏ పక్షానికీ చెందని తోటమాలి కోసం వెతకొద్దు

ప్రశ్న: మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచుతున్నాను. రసాయనాలు వాడకూడదని పట్టుదల. ఈసారి టమాటా కాయల అడుగు నల్లబడి కుళ్లిపోతోంది. ఒకరు ఎప్సమ్ సాల్ట్ వేయమన్నారు, ఇంకొకరు గుడ్డు పెంకుల పొడి అన్నారు, మందులమ్మే ఆయన ఒక సీసా చేతిలో పెట్టాడు. మూడూ వేశాను. ఏది పనిచేస్తోందో తెలియదు. ఒకచోట చదివితే సేంద్రియం తప్ప మిగతాదంతా విషం అంటారు, ఇంకోచోట సేంద్రియమే పెద్ద బూటకం అంటారు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఎవరికీ కొమ్ము కాయకుండా ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

సమాధానం:

ముందు టమాటాల సంగతి చూద్దాం. మీరు అడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది.

కాయ అడుగున, పువ్వు రాలిన చోట, మొదట నీళ్లలో నానినట్టు మచ్చ వచ్చి తర్వాత అది నల్లగా, తోలులా మారుతోంది కదా? అలాగైతే అది పురుగు పనీ కాదు, తెగులూ కాదు. ఎదిగే కాయకు కాల్షియం అందడం లేదు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, కాయ దాకా చేరదు. మొక్కలో కాల్షియం నీళ్లతో పాటే పైకి పోతుంది. ఆకులు నీటిని ఎక్కువగా ఆవిరి చేస్తాయి కాబట్టి వాటి వాటా వాటికి ముందే ముడుతుంది, కాయకు మిగిలేది తక్కువ. కుండీ ఒకరోజు ఎండిపోయి మర్నాడు మునిగిపోతుంటే ఆ కాస్తా అందదు. నత్రజని ఎరువు ఎక్కువైనా, వేర్లు దెబ్బతిన్నా ఇదే గతి.

ఇక మీరు వేసినవి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. అందులో కాల్షియం లేనే లేదు. పైగా మెగ్నీషియం ఎక్కువైతే వేర్ల దగ్గర కాల్షియంతో పోటీకి దిగుతుంది. గుడ్డు పెంకులో కాల్షియం ఉన్న మాట నిజమే. కానీ మెత్తగా పిండి చేస్తే తప్ప అది మట్టిలో త్వరగా కరగదు, ఆమ్ల గుణం లేని మట్టిలో అయితే మరీ నిదానం. మీ కాయలు అన్నాళ్లు ఆగవు. సీసాలో ఏముందో మీరు రాయలేదు. దాని లేబుల్ తీసి చదవండి, ఏ పదార్థం ఎంత శాతం ఉందో రాయకపోతే ఆ సీసాను పక్కన పెట్టేయండి.

అసలు విషయం ఇక్కడుంది. ఈ కుళ్లు ఎక్కువగా మొదటి కాయలకే వస్తుంది. మొక్క వేళ్లూనుకుని, నీళ్ల తీరు కుదురుకున్నాక తర్వాతి గుత్తులు చాలావరకు వాటంతట అవే బాగుపడతాయి. సరిగ్గా ఆ వారంలో మీరు ఏది వేసి ఉంటే పేరు దానికి వస్తుంది. ఒకావిడ ఎప్సమ్ సాల్ట్ వేసింది, కాయలు బాగుపడ్డాయి. ఇంకొకాయన పెంకులు వేశాడు, బాగుపడ్డాయి. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కళ్లారా చూసిందే చెబుతున్నారు. కాకి వాలింది, తాటిపండు రాలింది, అంతే. తోటపనిలో తప్పుడు సమాచారం ఇంతగా బతకడానికి మోసగాళ్ల కన్నా ఈ నిజాయితీపరులే పెద్ద కారణం అని నా అనుమానం.

ఆ జాబితాలో నేనూ ఉన్నాను. నీళ్లు బాగా దిగుతాయని ఎన్నో ఏళ్లు కుండీల అడుగున గులకరాళ్లు పోశాను, పదిమందికి చెప్పాను కూడా. సన్నటి మట్టి నీటితో పూర్తిగా నిండితే తప్ప అందులోని నీరు కింది రాళ్లలోకి దిగదు. కాబట్టి తడి నిలిచిపోయే భాగం రాళ్ల పైకి, అంటే వేర్ల వైపుకు జరుగుతుంది. మట్టి భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇది పాత సంగతే. నా మొక్కలు మాత్రం రాళ్లున్నా బతికాయి, నేను రాళ్ల వల్ల బతికాయనుకున్నాను.

అందుకని ఎవరు ఏ చిట్కా చెప్పినా మనసులో ఒక ప్రశ్న వేసుకోండి: దేనితో పోలిస్తే? వేసిన మొక్క పక్కన వేయని మొక్క ఉందా? లేకపోతే చెప్పేవాళ్లు ఎంత అనుభవజ్ఞులైనా, ఎంత మంచివాళ్లైనా అది ఒక కథ మాత్రమే. కథగా వినడంలో తప్పేమీ లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఎవరికీ కొమ్ము కాయని మనిషి దొరకడండీ. ఎరువుల కంపెనీకి దాని సరుకు, సేంద్రియ సంస్థకు దాని నమ్మకం, విశ్వవిద్యాలయానికి పరిశోధన నిధులు, వీడియో చేసేవారికి వ్యూస్. ఇన్నేళ్లు గులకరాళ్లు పోసిన నాకు నా పరువు. అలాంటి మనిషి కోసం వెతికితే చివరికి మీకు నచ్చిన మాట చెప్పినవాడే నిష్పక్షపాతిగా కనిపిస్తాడు. వెతకాల్సింది మనిషిని వదిలేసి మాటను. చెప్పినవాళ్ల లాభానికి ఎదురుగా వెళ్లే మాట, ఎవరైనా సరిచూసుకోగలిగే మాట.

రెండు ఉదాహరణలు చెబుతాను, రెండు పక్షాల నుంచీ ఒక్కొక్కటి.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే గోధుమ పొలం ఉంది. 1843లో అక్కడ ప్రయోగం మొదలుపెట్టిన జాన్ బెన్నెట్ లాస్ స్వయానా ఎరువుల వ్యాపారి. సూపర్‌ఫాస్ఫేట్ అనే ఫాస్ఫేటు ఎరువు తయారీకి అంతకు ముందు ఏడాదే పేటెంట్ తీసుకున్నాడు. ఇంతకన్నా పక్షపాతం ఉన్న మనిషి ఉంటాడా? కానీ ఆయన, రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ కలిసి ఆ పొలాన్ని మడులుగా విడగొట్టారు. ఒకదానికి ఏ ఎరువూ లేదు, ఒకదానికి పశువుల ఎరువు మాత్రమే, మిగతావాటికి రకరకాల రసాయన ఎరువులు. ఏటా పంట తూచి రాశారు. ఫాస్ఫేటు లాంటి ఖనిజాలు మాత్రమే వేస్తే గోధుమకు చాలదని, నత్రజని కావాలని తేలింది. పశువుల ఎరువు మడి రసాయన ఎరువుల మడులకు దీటుగా పండింది. ఎరువులమ్మే మనిషి పొలంలోనే! ఆ పొలంలో ఈ రోజుకీ గోధుమ వేస్తూనే ఉన్నారు. పశువుల ఎరువు మడి మట్టిలో సేంద్రియ కర్బనం, రసాయన ఎరువు మాత్రమే వేసిన మడులతో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉంది.

ఇది విని సేంద్రియ పక్షం వాళ్లు చప్పట్లు కొడతారు. అయితే ఆ మడికి ఏటా వేసేది హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు. ఆ సంఖ్య వదిలేసి 'పశువుల ఎరువు చాలు, నిరూపితమైంది' అని ఎవరైనా రాస్తే అది సగం నిజం. కుండీలో గుప్పెడు కంపోస్టు వేసి అదే ఫలితం రావాలంటే రాదు. సంఖ్యను దాచిన వాక్యం కనబడితే కాస్త ఆగండి.

రెండోది అటువైపు నుంచి. స్విట్జర్లాండ్‌లో సేంద్రియ వ్యవసాయ పరిశోధన సంస్థ ఒకటుంది, ఫిబిల్ అంటారు. ప్రభుత్వ పరిశోధకులతో కలిసి అది 1978లో సేంద్రియ, మామూలు పద్ధతులను పక్కపక్కన పెట్టి పోల్చడం మొదలుపెట్టింది. 21 ఏళ్ల ఫలితాలను 2002లో ప్రకటించారు. సేంద్రియ పంటల దిగుబడి సుమారు 20 శాతం తక్కువ అని సేంద్రియ సంస్థే రాసింది. ఎరువు, ఇంధనం 34 నుంచి 53 శాతం తక్కువ పట్టాయని కూడా రాసింది. మొదటి మాట ఒప్పుకుంది కాబట్టి రెండో మాటను నేను నమ్ముతాను. తనకు చేదుగా ఉన్నది దాచనివారి తీపి మాటకే విలువ.

మీరు చదివే ప్రతిదానికీ ఇది వర్తిస్తుంది. 'ఇది ఎక్కడ పనిచేయదు?' అన్నదానికి ఆ వ్యాసంలో జవాబు ఉందా చూడండి. వేపనూనె తీసుకోండి. అన్ని పురుగులకూ ఒకే మందు అని రాసినచోటు వదిలేయండి. అందులోని అజాడిరక్టిన్ పురుగును అప్పటికప్పుడు చంపదు, మేత మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు, కాబట్టి లేత దశలోని పురుగుల మీదే బాగా పనిచేస్తుంది, ఎండకు త్వరగా విరిగిపోతుంది, సాయంత్రం కొట్టండి, తేనెటీగలు తిరిగే వేళ కొట్టకండి అని రాసినవారికి విషయం తెలుసు. ఇంకో సంగతి, వేప అని రాసిన రెండు సీసాలు ఒకటి కాకపోవచ్చు. అజాడిరక్టిన్ ఎంత పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందో లేబుల్ మీద చూడకపోతే మీరు కొన్నది మందో, వాసనో తెలియదు.

మట్టిలో ఉండి వేర్లను పాడుచేసే నులిపురుగులను బంతి మొక్కలు తరిమేస్తాయన్న మాట కూడా ఇలాంటిదే. పూర్తి అబద్ధం కాదు. బంతి వేర్లలో వేరుబుడిపె నులిపురుగులకు పడని పదార్థం ఉంది. అయితే ప్రయోగాల్లో ఫలితం వచ్చింది మడి నిండా బంతిని ఒత్తుగా వేసి, రెండు నెలలు పైగా ఉంచి, ఆ తర్వాత అసలు పంట వేసినప్పుడు. టమాటా పక్కన ఒక బంతి మొక్క పెట్టినందువల్ల కాదు. పరిశోధనకూ చిట్కాకూ మధ్య దారిలో ఎన్ని షరతులు రాలిపోతాయో చూశారా!

అలాగని వంటింటి చిట్కాలన్నీ కొట్టిపారేయకండి. పాలలో నీళ్లు కలిపి చల్లితే బూడిద తెగులు తగ్గుతుందని ఎవరైనా అంటే నేనూ నవ్వేవాణ్ణే. బ్రెజిల్ పరిశోధకుడు వాగ్నర్ బెట్టియోల్ దాన్ని గ్రీన్‌హౌస్‌లో జుకినీ (గుమ్మడి జాతి కూరగాయ) మొక్కల మీద పరీక్షించి 1999లో ఫలితాలు ప్రచురించాడు. వారానికి ఒకటి రెండుసార్లు చల్లిన పాలు తెగులును బాగానే అదుపు చేశాయి. అది గ్రీన్‌హౌస్, అది జుకినీ, అది ఒక రకం బూడిద తెగులు. మీ గులాబీ మీద ఎలా ఉంటుందో ఆ వ్యాసం హామీ ఇవ్వలేదు. నిజమైన పరిశోధన ఇలాగే ఇరుకుగా ఉంటుంది. 'అన్ని మొక్కలకూ, అన్ని రోగాలకూ' అన్నచోట పరిశోధన ఉండదు.

'సేంద్రియం' అన్న మాట దగ్గర ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. జనం మూడు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తారు. సేంద్రియ ప్రమాణాలు దీన్ని అనుమతిస్తాయా? ఇది పనిచేస్తుందా? ఇది సురక్షితమా? సీసా మీదున్న ముద్ర మొదటిదానికే జవాబు చెబుతుంది. ఉదాహరణకు అమెరికాలో 1997 నుంచి ఓమ్రి అనే సంస్థ, ఏ సరుకు సేంద్రియ నిబంధనలకు సరిపోతుందో జాబితా ఇస్తుంది. అది పనిచేస్తుందని ఆ ముద్ర చెప్పదు. భద్రత సంగతికి వస్తే రోటెనోన్ అనే పురుగుమందు ఉదాహరణ చాలు. కొన్ని మొక్కల వేర్ల నుంచి తీసిన ఆ పొడిని సేంద్రియ తోటమాలులు దశాబ్దాల పాటు నిశ్చింతగా చల్లారు. అది చేపలను చంపుతుందని మొదటి నుంచీ తెలుసు. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, రోటెనోన్ వాడినవారిలో పార్కిన్సన్స్ వ్యాధి సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో పారాక్వాట్ అనే రసాయన కలుపు మందుకూ దాదాపు అదే ఫలితం వచ్చింది. విషానికి పక్షం లేదు.

మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ద్రాక్ష తోటల్లో 1880ల నుంచి ఉంది, సేంద్రియ సాగులోనూ రాగి మందులకు అనుమతి ఉంది. కానీ రాగి మూలకం కాబట్టి విరిగిపోదు, మట్టిలో పేరుకుంటుంది. అందుకే యూరోపియన్ యూనియన్ హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి దాటకూడదని పరిమితి పెట్టింది. ప్రకృతిసిద్ధం కాబట్టి ఎంతైనా కొట్టొచ్చు అని ఏ కాగితంలో ఉన్నా, ఆ కాగితంతో కుండీ తుడుచుకోండి.

ఎక్కడ చదవాలి అంటారా? నేను మొదట వెళ్లేది వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలకు. పరిశోధనను రైతులకు, తోటమాలులకు మామూలు మాటల్లో అందించడమే వాళ్ల పని. అమెరికాలో దీనికోసం 1914లోనే చట్టం చేశారు, వాళ్ల కరపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాళ్లకూ మొగ్గు ఉంటుంది, పెద్ద పంటల వైపు, మందుల వైపు. బ్రిటన్‌లో 1804 నుంచి ఉన్న రాయల్ హార్టికల్చరల్ సొసైటీ రకాలను పక్కపక్కన పెంచి పోల్చి చూస్తుంది. అలాంటి పోలిక నాకు ఇష్టం, కానీ అది వాళ్ల చలికి, వాళ్ల మట్టికి వచ్చిన ఫలితం. సేంద్రియ సంస్థల రాతలు పద్ధతులు నేర్చుకోవడానికి చాలా బాగుంటాయి. కంపోస్టు ఎలా చేయాలో వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి, రసాయన ఎరువు మట్టిని చంపేస్తుందా లేదా అన్న తీర్పు వాళ్లొక్కళ్ల దగ్గరే వినకూడదు.

వెతికేటప్పుడు మొక్క శాస్త్రీయ నామంతో వెతకండి. ఒకే వాడుక పేరుతో నాలుగు మొక్కలుంటాయి. చిట్కా పేరు ఒక్కటే కొడితే దాన్ని పొగిడేవాళ్లే వస్తారు, దాని పక్కన 'పరీక్ష' అనో 'పనిచేయదు' అనో చేర్చి కూడా వెతకండి. వ్యాసం కింద తేదీ లేకపోతే, రాసినవారి పేరు లేకపోతే, పొగిడిన సరుకుకే కొనుగోలు లింకు ఉంటే నేనైతే చదవను. ఒకే వాక్యం అక్షరం మారకుండా పదిచోట్ల కనబడితే పది సాక్ష్యాలు అనుకోకండి, ఒక్కరు రాస్తే తొమ్మిదిమంది ఎత్తి రాశారని లెక్క. ఏఐ చెప్పే జవాబులు కూడా ఆ పదింటినీ చదివే వస్తాయి.

వీడియోల గురించి ఎక్కువ చెప్పను. ముందు మొక్క, తర్వాత మొక్క చూపిస్తారు, మధ్యలో నెల గడిచింది, వానలు పడ్డాయి, కుండీ జరిగింది. పాదు ఎలా తీయాలి, కొమ్మ ఎక్కడ కత్తిరించాలి, అంటు ఎలా కట్టాలి, ఇలాంటి చేతిపనికి వీడియోకు మించింది లేదు. 'ఇది వేస్తే అది జరుగుతుంది' అన్నదానికి మాత్రం వద్దు.

మీ దగ్గరే ఇంకో మార్గం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మళ్లీ ఆ రోథమ్‌స్టెడ్‌కే వెళ్దాం. అక్కడ పేరుకుపోయిన డెబ్భై ఐదేళ్ల లెక్కల్లో ఏది నమ్మొచ్చో తేల్చడానికి 1919లో రొనాల్డ్ ఫిషర్ అనే గణితవేత్తను పెట్టుకున్నారు. ఆయన అక్కడ పనిచేస్తూ చెప్పిన పద్ధతులు ఇప్పుడు మందుల పరీక్షల్లో కూడా వాడుతున్నారు. ముఖ్యంగా రెండు. ఒక్కదానితో తేల్చకు, కొన్నిటి మీద చేసి చూడు. ఏ మడికి ఏది వేయాలో నీ ఇష్టానికి వదలకు, చీటీ తీసినట్టు నిర్ణయించు. ఎందుకంటే మనకు తెలియకుండానే ఎండ బాగా తగిలే కుండీకి మనకిష్టమైన ఎరువు వేస్తాం.

మేడ మీద ఇది చేయడం కష్టమేమీ కాదు. ఒకే రకం, ఒకే వయసు మొక్కలు ఎనిమిది తీసుకోండి. ఒక్కొక్క కుండీకి నాణెం ఎగరేయండి, బొమ్మ పడితే చిట్కా వేయండి, బొరుసు పడితే వద్దు. రెండు వైపులా నాలుగేసి వచ్చేదాకా చూసుకోండి. నీళ్లు, మట్టి, మిగతా అన్నీ ఒకేలా ఉండాలి. ఒకసారికి ఒకటే మార్చండి. కుండీకి గుర్తు పెట్టండి, కాయలు లెక్కపెట్టి రాయండి. ఎనిమిది కుండీలతో శాస్త్రం తేలిపోదు, కానీ తేడా కంటికి ఆనకపోతే ఆ సీసా మీకు అవసరం లేదని తెలుస్తుంది. మీరు మూడూ ఒకేసారి వేశారు కాబట్టి ఈసారికి ఏమీ తెలియదు, ఎవరూ చెప్పలేరు.

వీలైతే ఒక భూసార పరీక్ష చేయించండి. మట్టి ఉదజని సూచిక (pH), భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో కాగితం మీద ఉంటే చిట్కాల్లో సగం వాటంతట అవే రాలిపోతాయి. ఇప్పటికే మెగ్నీషియం సరిపడా ఉన్న మట్టికి ఎప్సమ్ సాల్ట్ ఎందుకు? ప్రయోగశాల ఏ సరుకూ అమ్మనిదైతే ఇంకా మంచిది.

ప్రస్తుతానికి ఆ మూడూ ఆపేయండి. కుళ్లిన కాయలు కోసేయండి, అవి బాగుపడవు. మట్టి మీద ఎండు ఆకులు రెండు అంగుళాల మందాన కప్పండి, వేలు పెట్టి చూసి, పైపొర ఆరితే అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయండి, కుండీ పూర్తిగా ఎండే దాకా ఆగకండి. చిన్న కుండీ ఐతే వచ్చేసారి పెద్దది తీసుకోండి. రెండో గుత్తి కాయలు శుభ్రంగా వస్తే ఆ తేదీ, ఆ కుండీ గుర్తు నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కనే 'ఏ మందూ వేయలేదు' అని కూడా రాయండి. పక్కింటివాళ్లు అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తుంది.